పద్నాలుగో గోలి

సిరొంచ దవాఖానల ట్రైనింగు.
గోడకు ప్రపంచ పటం. సలిజరం ఉన్న దేశాలన్నిటికీ
ఎర్రరంగు పూసిన్రు.
సారు మరాఠీల చెప్తనే ఉన్నడు, హివతాప్, హివతాప్ అని.
నేను మా ఊరిని ఎతికిన.
బొటనవేలు పెడితే
ఊరు, తాలూకా, ప్రాణహిత, అవతలి గడ్డ
అన్నీ దాని కిందనే కప్పువడ్డయి.

ఆశా పని నాకు తొమ్మిదేండ్లు.
సంచిల పట్టీలు, సూదులు, దూది, ఎర్ర అట్ట రిజిష్టరు.
వేలు పొడిచి నెత్తురు చుక్క పట్టీ మీద ఏస్తే
పావుగంటకు గీత లేస్తది.
ఆ పావుగంట ఇంట్ల ఎవ్వరూ మాట్లాడరు.
కోడి మాట్లాడుతది.

గాదె పోషాలుకు రెండు గీతలు లేచినయి.
పద్నాలుగు దినాలు, దినానికొక గోలి, అన్న.
ఐదో నాడు చూస్తే దోనె కాడ ఉన్నడు.
"జరం పాయె గద లసుమక్కా, ఇగ గోలి ఎందుకు?"

పటం సంగతి ఆయనకు చెప్పలే.
పరాన్నజీవి అనేందుకు నాకే నోరు తిరగది.
"ఎండకాలం మడుగు ఎండుతది గద మామా,
కొర్రమట్ట యాడికి పోతది?"
"యాడికి పోతది? బురదలకు దిగుతది.
మూరెడు లోతుకు పోయి పంటది.
తొలకరి పడంగనే లేస్తది."
"సచ్చిందనుకుంటవా?"
నవ్విండు. "బెస్తోన్ని, గట్లెట్ల అనుకుంట?"
"నీ కార్జంల పన్నది గూడ అసోంటిదే."

నవ్వు ఆగింది.
చెయ్యి, ఆయనకు తెల్వకుంటనే,
కుడి డొక్క మీదికి పోయింది.

అప్పుడు కనవడ్డది, దోనెల, మా సర్కారు దోమతెర.
నీలిరంగుది. పోయిన వానకాలం నేనే పంచిన,
వేలిముద్ర గూడ తీస్కున్న.
కంతల నిండ పొలుసులు.
అంచుకు గులకరాళ్లు కట్టిండు,
నా కుట్టు కన్న సక్కగ.

కోపం లేసింది.
తెరకు మందు పూసి ఉంటది మామా, పిల్లచేపలు సస్తయి,
వచ్చే ఏడు తినేటిది ఇప్పుడే ఊడ్సుకుంటున్నవ్,
రాత్రిపూట మనుమరాలిని దోమలకు ఒప్పజెప్తున్నవ్,
ఒక్క ఊపిరిల అన్నీ అన్న.
పోషాలు ఇన్నడు. గోరుతోటి దోనె అంచు గోకిండు.
"గోలి తిన్నంకనే ఎయ్యాలె అంటివి?"
"అంటి."
"ఉత్త కడుపు మీద వద్దంటివి?"
"వద్దు."
"మరి," అన్నడు.
తెర దిక్కు చూసిండు.

రిజిష్టరుల పదకొండు గడులు.
పేరు, వయసు, గీత, గోలి, తారీకు.
దీనికి గడి లేదు.

సిస్టరునడిగితే మల్ల మొదటి నుంచి మొదలువెట్టుమన్నది.
అప్పటి సంది పొద్దుగూకంగ పోతున్న,
ముందుగాల కుండ మూత లేపుతున్న, తర్వాత గోలి.
ఒకనాడు అంబలి. ఒకనాడు సవ్వచేపల పులుసు.
ఒకనాడు ఏం లేకుంటే మా ఇంటి జొన్నరొట్టె.
నా మొగడు అడిగిండు, జీతం పెంచిన్రా అని.

పద్నాలుగో నాడు తెర సగం అయింది.
కోసిండు. సగం దోనెల ఉన్నది.
సగం మనుమరాలి మీద దించిండు, అంచుకు రాళ్లు అట్లనే.
నీసు వాసన.
పిల్ల పన్నది.

"గోలి ఏది మామా?"
పలకలే. అంగీ కొసకు ముడి ఉన్నది.
"అల్లునికి. రాత్రి సంది వణుకుతుండు.
తెలంగాణకు మిరప ఏరేందుకు పోతుండు,
ఒక్కటన్న ఉండనీ."

ఒక్క గోలితోటి ఏం కాదని,
కొర్రమట్టకు ముల్లు గుచ్చినట్టని, అది ఇంక లోతుకు దిగుతదని
చెప్పే పని లేకపోయింది. ఆయననే ముడి ఇప్పి మింగిండు,
ఏడుపుమొకంతోటి.

బాట మీద ట్రాలీ ఆగి ఉన్నది. మేస్త్రి హారన్ కొడుతుండు.
ఎక్కినోళ్లు ముప్పై మంది ఉంటరు, మూటలు, చంటిపిల్లలు.
వంతెన దాటితే ఇంకో రాష్ట్రం, ఇంకో రిజిష్టరు.
సోమయ్య చెయ్యి సాపిండు. కాలుతున్నది.
వేలు పొడిచిన.
నెత్తురు పట్టీ మీద మెల్లెగ పాకుతున్నది.

మల్ల హారన్.
పావుగంట, అన్న.
ఎవ్వరూ మాట్లాడలే.